నక్క కొమ్ము, మావయ్య పుంజు, మూడేళ్ళ జైలు

మన తెలుగువాళ్ళకి నక్క విషయంలో ఒక స్థిరమైన అభిప్రాయం అంటూ లేదు. ఎవడైనా మరీ మెత్తగా మాట్లాడితే "నక్క వినయాలు" అంటాం. ఇంకొకడి నష్టం కోసం ఎదురుచూస్తుంటే "గోతికాడ గుంటనక్క" అంటాం. నీతిచంద్రిక చదువుకున్న తరం వాళ్ళకైతే కరటక దమనకులు గుర్తుండే ఉంటారు. అదే మనిషికి అనుకోకుండా ప్రమోషనో, వీసానో వచ్చిందనుకోండి, "పొద్దున్నే నక్క తోక తొక్కొచ్చావా ఏంటి?" అని అడుగుతాం. తిట్టుకీ నక్కే, అదృష్టానికీ నక్కే.

తిట్ల వల్ల నక్కకి జరిగిన నష్టమేమీ లేదు. దాని ప్రాణం మీదకి తెచ్చింది అదృష్టమే. ఈ టపా దాని గురించే.

ముందు ఒక చిన్న పిడకల వేట. మనం స్కూల్లో 'ఎఫ్ ఫర్ ఫాక్స్' అంటే నక్క అని నేర్చుకున్నాం. నిజానికి మన ఊళ్ళలో రాత్రిపూట ఊళ వేసే నక్క ఇంగ్లీషు వాళ్ళ ఫాక్స్ కాదు, జాకల్. ఫాక్స్ కి దగ్గర చుట్టం మన గుంటనక్క, అంటే మెట్ట పొలాల్లో బొరియలు తవ్వుకుని బతికే చిన్న జంతువు. తెల్లదొరలు ఇక్కడికొచ్చాక వాళ్ళ దేశపు ఫాక్స్ దొరక్క, మద్రాసులోనూ ఊటీలోనూ గుర్రాలెక్కి, వేట కుక్కల్ని వెంటేసుకుని మన నక్కని తరిమేవారు. ఊటీ హంట్ ఆ రోజుల్లో బాగా పేరున్న వ్యవహారం. కాబట్టి మన దేశంలో ఫాక్స్ హంటింగ్ అంటే నక్కల వేటే.

అసలు సంగతికొస్తాను. మా మావయ్యది తాటిపాక. బయటివాళ్ళకి తాటిపాక అంటే ఓఎన్జీసీ రిఫైనరీ. మాకు మాత్రం కొబ్బరి తోటలు, చేపల చెరువులు, తాటిపాక సెంటర్లో బజ్జీల బండి. మావయ్యకి తోటలో ఓ పాతిక దాకా కోళ్ళుంటాయి. వాటిలో నాలుగైదు సంక్రాంతి పుంజులు. బాదం పప్పులు, జీడిపప్పులు, ఉడకబెట్టిన గుడ్లు, చెరువులో ఈత, రోజూ మర్దనా. మా అత్తయ్య మాటల్లో చెప్పాలంటే "నన్నెప్పుడైనా అలా చూశాడా?" :-)

2023 డిసెంబర్లో ఒక రాత్రి నక్క వచ్చి కాకి డేగ పుంజుని ఎత్తుకుపోయింది. మావయ్య లెక్క ప్రకారం దాని ఖరీదు పాతిక వేలు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోను.

"ఏరా అబ్బాయ్, నువ్వు రోజూ ఆ ఇంటర్నెట్ ముందే ఉంటావు కదా. నక్కని చంపితే కేసవుద్దా? కాస్త చూసి చెప్పు."

"అవుతుంది మావయ్యా, చూడక్కర్లేదు."

"మరి నా పుంజుని చంపితే దానిమీద కేసుండదా?"

నాకు నవ్వొచ్చింది కానీ ఆయన సీరియస్ గానే అడిగారు. అందుకని ఆ వారాంతం కూర్చుని వన్యప్రాణి సంరక్షణ చట్టం చదివాను. 1972 నాటి చట్టం అది. ఓపిగ్గా చదివితే మన సాఫ్ట్‌వేర్ స్పెసిఫికేషన్ల కన్నా శుభ్రంగానే ఉంటుంది. అందులో 'వేట' అన్న మాటకిచ్చిన నిర్వచనం చూసి ఆశ్చర్యపోయాను. చంపడం ఒక్కటే కాదు, విషం పెట్టడం, ఉచ్చు వెయ్యడం, బోనులో పట్టడం, ఎర పెట్టడం, తరమడం, వీటిలో దేనికి ప్రయత్నించినా సరే, అన్నీ వేట కిందికే వస్తాయి. అంటే ఊటీలో దొరలు చేసిన పని నక్క చావకపోయినా ఈ రోజు నేరమే.

నక్క ఒకప్పుడు ఈ చట్టంలో రెండో షెడ్యూల్లో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్ళని తిరగరాశారు. ఆ మార్పు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు నక్క మొదటి షెడ్యూల్లో, పులీ ఏనుగూ ఉన్న వరసలో ఉంది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందన్న సామెతకి ప్రభుత్వం ఇలా అర్థం తెచ్చిందన్నమాట. ఈ మార్పుతో మావయ్య లాంటి వాళ్ళకి ఒక తేడా వచ్చింది. పాత లెక్కలో జంతువు ఆస్తికో పంటకో నష్టం చేస్తుంటే అధికారికి దరఖాస్తు పెట్టుకుని అనుమతి అడిగే దారి కాగితం మీదైనా ఉండేది. మొదటి షెడ్యూలు జంతువుకి ఆ దారి లేదు. మనిషి ప్రాణానికి ప్రమాదమైతేనో, ఆ జంతువు ఇక కోలుకోలేని స్థితిలో ఉంటేనో చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ మాత్రమే అనుమతి ఇవ్వగలరు. శిక్ష మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, పాతిక వేలకి తగ్గకుండా జరిమానా.

"పుంజు పాతిక వేలు, నక్క పాతిక వేలు. ఇంకో మూడేళ్ళు పైన" అన్నారు మావయ్య. లెక్క కరెక్టే.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఆ పుంజుని పెంచింది దేనికో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం కోడి పందెం నేరం. పందెం మీద డబ్బులు కాయడం 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం నేరం. 2016 డిసెంబర్లో హైకోర్టు పందాల్ని ఆపి తీరాలని అధికారుల్ని ఆదేశించింది కూడా. అయినా భోగి నాడు కత్తి కట్టిన పుంజులు బరిలోకి దిగుతూనే ఉన్నాయి. కత్తి లేకుండా ఆడిస్తే డింకీ పందెం, అది సంప్రదాయం, దాన్ని ఒప్పుకోవాలి అని ఒక వాదన. పొద్దున్న డింకీతో మొదలుపెట్టి మధ్యాహ్నానికి కత్తి కడతారని అందరికీ తెలుసు. అంటే, చట్టం ఒప్పుకోని పని కోసం పెంచిన పుంజుని, చట్టం కాపాడుతున్న నక్క తినేసింది. మావయ్య ఏ ఆఫీసుకెళ్ళి ఏమని ఫిర్యాదు చేస్తాడు చెప్పండి?

ఊళ్ళో సలహాలకి మాత్రం కొదవ లేదు. ఒకాయన కరెంటు తీగ లాగమన్నాడు. దానికి నక్క చస్తుందో లేదో గానీ, రాత్రి చెరువు కాపలాకొచ్చే మనిషి పోవడం ఖాయం. ఇంకొకాయన, తాటిపాక సెంటర్లో పూసలూ పిన్నీసులూ అమ్ముకునే నక్కలాయన్ని పిలవమన్నాడు. నక్కల వాళ్ళంటే తమిళనాడులో నరికురవలు అంటారే, ఆ జనం. నక్కల్ని పట్టడం వాళ్ళ పాత విద్య. 1909లో వచ్చిన థర్స్టన్ పుస్తకంలో కూడా ఉంది. వల కట్టుకుని లోపల కూర్చుని నక్కలా ఊళ వేస్తే నిజం నక్కలు పరిగెత్తుకొచ్చేవట. మావయ్య వెళ్ళి ఆయన్ని అడిగారు. ఆ జవాబు మావయ్య ఇప్పటికీ చెప్తారు.

"ఆయ్, మా తాత పట్టేవోడండి. నాకు రాదండి. వచ్చినా పట్టనండి. రేపు ఏదైనా అయితే తవఁరు ఎవరితోనో మాటాడించుకుని ఇంటికెళ్ళిపోతారండి. నేను జైలుకెళ్తానండి."

నేను వారాంతమంతా చదివిన చట్టం సారాంశం ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. ఇందులో ఆయన ఎక్కువ చేసి చెప్పిందేమీ లేదు. వన్యప్రాణి గానీ దాని తోలూ ఎముకా గానీ ఎవరి దగ్గర దొరికితే, అది అక్రమంగా వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఆ మనిషిదే. వకీలుని పెట్టుకునే స్థోమత ఉన్నవాడికి అదొక కేసు, లేనివాడికి అదే శిక్ష. మన రాష్ట్రంలో నక్కల వాళ్ళని షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 2003లో. తమిళనాడులో వాళ్ళ బంధువులు ఆ గుర్తింపు కోసం దాదాపు ఇంకో ఇరవై ఏళ్ళు ఆగాల్సొచ్చింది. కులవృత్తిని నేరం చేసిన చట్టం 1972లో వస్తే, వాళ్ళు వెనకబడ్డ తెగ అని ఒప్పుకున్న కాగితం వచ్చేసరికి ఒక తరం గడిచిపోయింది. నక్కని పట్టొద్దనడం న్యాయమే, నాకందులో అనుమానం లేదు. పట్టడం మానేసినవాడు ఏం చేసుకుని బతకాలో అన్నది మాత్రం ఏ షెడ్యూల్లోనూ లేదు.

అసలు నక్కల్ని పట్టేది ఎవరికోసం? మాంసం సంగతి అలా ఉంచితే, ఎక్కువ డబ్బులొచ్చేది నక్క కొమ్ముకి. నక్కకి కొమ్మేంటి అంటారా? నేనూ అదే అంటున్నాను. నక్కకి కొమ్ముండదు. కుక్కకి లేనట్టే, తోడేలుకి లేనట్టే. అయినా గుంపుకి నాయకుడైన నక్క తలమీద వెంట్రుకల మధ్య చిన్న కొమ్ముంటుందనీ, అది ఇంట్లో ఉంటే పట్టిందల్లా బంగారమనీ మన దక్షిణాదిలోనూ, సింహళంలోనూ ఎప్పట్నించో నమ్మకం. ఎమర్సన్ టెన్నెంట్ అనే ఆయన 1861లో సింహళం జంతువుల గురించి రాసిన పుస్తకంలో దీని ప్రస్తావన ఉంది. పోగొట్టుకున్నా అదే తిరిగొస్తుందట. ఇంకో నమ్మకం అన్నిటికన్నా బాగుంది. ఈ కొమ్ము దగ్గరుంటే కోర్టు వ్యాజ్యంలో ఓటమి ఉండదట! ఈ రోజుల్లో ఆ కొమ్ము దగ్గరుంటేనే కోర్టుకెళ్ళాల్సి వస్తుందన్న సంగతి వాళ్ళకి ఎవరైనా చెప్పాలి.

థర్స్టన్ కాలానికే నకిలీ కొమ్ములు అమ్మేవారు. ఇప్పుడూ అంతే. ఎముక ముక్కకి తోలూ వెంట్రుకలూ అంటించి, సిందూరం డబ్బాలో పెట్టి ఇస్తారు. నకిలీ అయితే మీరు మోసపోయినట్టు. నక్క తలలోంచి తీసిందే అయితే మీరు నేరస్థులైనట్టు. మూడో దారి లేదు.

ఇదంతా పల్లెటూరి మూఢనమ్మకం అని మీరు అనుకునే లోపే ఒక మాట. నేను నక్క కొమ్ముని మొదటిసారి కళ్ళారా చూసింది తాటిపాకలో కాదు, హైదరాబాదులో, ఒక ఆఫీసు క్యూబికల్లో. మా టీంలో ఒకబ్బాయి, మంచి ప్రోగ్రామరు, హెచ్ వన్ బి లాటరీకి రెండుసార్లు వేసి రాక, మూడోసారి వాళ్ళ మావగారు ఇచ్చిన చిన్న వెండి డబ్బీని డెస్కు సొరుగులో పెట్టుకున్నాడు. రోజూ లాగిన్ అయ్యేముందు దానికో దణ్ణం. రాండమ్ నంబర్ ఎలా తయారవుతుందో జూనియర్లకి క్లాసు తీసుకోగలిగిన మనిషే. ఆన్‌లైన్లో కొన్నారట, క్యాష్ ఆన్ డెలివరీ. నేను మూడు నుంచి ఏడేళ్ళు అని చెప్తే నమ్మలేదు. సెక్షన్ తీసి చదివించాను. మర్నాటికి డబ్బీ కనబడలేదు. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

తాటిపాక సెంటర్లో పూసలమ్ముకునే ఆయనకి తెలిసిన చట్టం ఎమ్సీయే చదివిన మనవాడికి తెలియలేదు. ఎందుకు తెలియాలి? ఆ చట్టం ఎప్పుడూ అతని వైపు చూళ్ళేదు. వేటాడేవాడంటే ఉచ్చు పట్టుకుని పొదల్లో కూర్చున్నవాడే అని మన మనసులో ఒక బొమ్మ ఉంది. ఆర్డర్ బటన్ నొక్కినవాడు ఆ బొమ్మలో లేడు.

ఇది మన దేశంలోనే అనుకోకండి. 2005లో ఆన్‌సైట్ పని మీద నేను ఇంగ్లాండులో ఉన్నాను. క్రిస్మస్ మర్నాడు, బాక్సింగ్ డే అంటారు, మా క్లయింట్ మేనేజరు ఒక పల్లెటూరికి తీసుకెళ్ళాడు. ఎర్ర కోట్లు వేసుకుని (వాళ్ళు దాన్ని పింక్ అంటారు, ఎందుకో అడక్కండి) గుర్రాల మీద దొరలూ దొరసానులూ, చుట్టూ ముప్ఫై నలభై కుక్కలు, చేతుల్లో చిన్న గ్లాసులు. అచ్చం మన సంక్రాంతి బరి దగ్గర ఉండే కళే. కుక్కలతో నక్కని వేటాడడాన్ని నిషేధించిన హంటింగ్ యాక్ట్ 2004 అప్పటికి పది నెలల కిందటే, 2005 ఫిబ్రవరి 18 నుంచి, అమల్లోకి వచ్చింది. ఎగువ సభ ఒప్పుకోకపోతే పార్లమెంట్ యాక్ట్ వాడి మరీ చేసిన చట్టం అది. "మరి నిషేధం కదా?" అని అడిగాను. "మేము వేటాడట్లేదు, వాసన వెంట వెళ్తున్నాం" అన్నాడాయన తొణక్కుండా.

దాని పేరు ట్రెయిల్ హంటింగ్. ముందుగా ఒకడు నక్క వాసన పూసిన గుడ్డని పొలాల్లో ఈడ్చుకుంటూ పోతాడు, కుక్కలు ఆ వాసన పట్టుకుని పరిగెడతాయి. దారిలో నిజం నక్క అడ్డమొచ్చి కుక్కలు దాని వెంట పడితే అది 'ప్రమాదం'. చట్టంలో గద్దతో వేటకి ఒక మినహాయింపు ఉందని కొన్ని బృందాలు గద్దని కూడా వెంట తీసుకెళ్ళేవి. మన డింకీ పందానికి ఇంగ్లీషు అనువాదమన్నమాట. పట్టుబడినా ఆ చట్టంలో జైలు లేదు, జరిమానా మాత్రమే. 2020లో వేట సంఘాల వాళ్ళు పెట్టుకున్న ఆన్‌లైన్ మీటింగుల రికార్డింగులు బయటికొచ్చి పెద్ద గొడవైంది. 2021లో ఒకాయనకి కింది కోర్టులో శిక్ష పడి, 2022లో అప్పీలులో కొట్టేశారు. స్కాట్లాండు 2023లో కొత్త చట్టం తెచ్చి సందులు బిగించింది. ఇంగ్లాండులో లేబర్ పార్టీ 2024 ఎన్నికల ప్రణాళికలో ట్రెయిల్ హంటింగుని కూడా ఆపుతామని రాసుకుంది. ఆ నిషేధం తెచ్చిన ప్రభుత్వానికి ప్రధానిగా ఉన్న టోనీ బ్లెయిర్ మాత్రం 2010లో తన ఆత్మకథలో అలాంటి చట్టం చేసినందుకు చింతించాడు.

ఇంకాస్త దగ్గర్లో సేలం జిల్లా ఉంది. అక్కడ వాళప్పాడి చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలో పొంగల్ వెళ్ళాక నక్కని వలేసి పట్టి, గుళ్ళో పూజ చేసి, జనం మధ్య పరిగెత్తించి వదిలేసే ఆచారం ఉండేది. నక్క మొహం చూస్తే ఆ ఏడాదంతా కలిసొస్తుందని. మనకి తోక, వాళ్ళకి మొహం, అంతే తేడా. అటవీ శాఖ అది వేటే అని తేల్చి, పట్టిన ఊరివాళ్ళకి జరిమానాలు వేసింది. జల్లికట్టుకి శాసనసభ, రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్ళగలిగే జనబలం ఉంది. నక్క ఆటకి అది లేదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఇది. శిక్ష ఎంత పెద్దదన్నది ఒక ప్రశ్న, అది ఎవరి దాకా వెళ్తుందన్నది వేరే ప్రశ్న. ఇంగ్లాండులో శిక్ష చిన్నది, తప్పించుకునేవాడు గుర్రం మీద ఉన్నాడు. మన దగ్గర శిక్ష పెద్దది, దొరికేవాడు కాలినడకన ఉన్నాడు. రెండు చోట్లా 'సంప్రదాయం' అనే మాట మాత్రం గట్టిగా వినిపించేది బలమున్నవాడి నోట్లోంచే.

మావయ్య చివరికేం చేశారంటారా? కోళ్ళ గూడుకి నేల నుంచి అడుగు ఎత్తులో పలకలు వేయించి, చుట్టూ గట్టి ఇనప జల్లెడ బిగించి, జల్లెడ అంచుని జానెడు లోతున మట్టిలో పాతించారు. ఖర్చు పుంజు ఖరీదులో సగం కూడా కాలేదు. ఆ తర్వాత నక్క రాలేదనను, వచ్చింది, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. "తెలివైందిరా, గడియ దగ్గర కూడా చూసెళ్ళింది" అని మావయ్యే మెచ్చుకున్నారు. పుంజుల పెంపకం మానమని నేనంటే మాత్రం ఫోన్ పెట్టేస్తారు.

కోనసీమలో నా చిన్నప్పుడు గోదారి లంకల్లో చీకటి పడగానే వినపడే ఊళ ఇప్పుడు అంతగా లేదు. దానికి కారణం వేటగాళ్ళొక్కళ్ళే కాదు. పొదలు పోయి చెరువులొచ్చాయి. ఎలుకలకి పెట్టే మందు, ఆ ఎలుకని తిన్నదాని కడుపులోకీ వెళ్తుంది. వరి చేలో ఎలుకల్ని జీతం లేకుండా పట్టిపెట్టే జంతువుని పోగొట్టుకుని, మందు కొనుక్కుంటున్నాం. వీటిల్లో దేన్నీ చట్టం వేట అనదు, ఎందుకంటే అక్కడ ఉచ్చు పట్టుకున్న చెయ్యి కనబడదు.

చివరిగా, ఇది చదివేవాళ్ళలో సగం మంది ఏదో ఒక ఆన్‌లైన్ దుకాణానికి కోడ్ రాస్తున్నవాళ్ళే కాబట్టి ఒక పని మాట. 2016లో అప్పటి పర్యావరణ మంత్రి అనిల్ మాధవ్ దవే, వన్యప్రాణుల్నీ వాటి భాగాల్నీ అమ్మకానికి పెట్టిన 106 వెబ్‌సైట్లని వైల్డ్ లైఫ్ క్రైమ్ కంట్రోల్ బ్యూరో గుర్తించిందని పార్లమెంటుకి చెప్పారు. వాటిని వడకట్టడం మనకి తెలిసిన పనే. చిక్కేమిటంటే వడపోతలన్నీ ఇంగ్లీషు మాటల్లో ఉంటాయి. అమ్మేవాడు 'సియార్ సింగీ' అని హిందీలో రాస్తాడు, 'నరి కొంబు' అని తమిళంలో రాస్తాడు, 'నక్క కొమ్ము' అని మన భాషలో రాస్తాడు, కేటగిరీ మాత్రం పూజా సామగ్రి అని పెడతాడు. 'హత్థా జోడీ' అని ఒక చెట్టు వేరు పేరుతో అమ్మిందేమిటో తెలుసా? ఉడుము మర్మాంగం. మీ కేటలాగు టీంలో ఈ నాలుగు మాటలూ ఆ జాబితాలో ఉన్నాయో లేదో రేపు ఒకసారి చూడండి. లేకపోతే చేర్చండి. రెండు నిమిషాల పని, పెద్దగా టెస్టింగ్ కూడా అక్కర్లేదు.

ఇంట్లో పూజ గదిలో వెండి డబ్బీ ఉన్నవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. అదృష్టం నిజంగా ఆ కొమ్ములో ఉంటే, ముందు అది ఆ నక్కకి కలిసిరావాలి కదా?